విన్నమాట – అన్నమాట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)

  

ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమునకు చీకటిలో దీపమువలె నిలిచిన మన గ్రంథాలయమునకు నేడు రజతోత్సవము జరుగుచున్నది. ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆదేశించిరి. నేను పండితుడను గాను. గ్రామపు లెక్కలు వ్రాసికొనుచు, తీరిక దొరకినపుడు ఈ బీరువాలలోని భారత భాగవతములను కూడబలుకుకొని చదువుకొన్నవాడను. అట్టివాడను గనుక ఏ ప్రబంధమును గూర్చియో, ఏ పురాణపాత్రను గూర్చియో మాటలాడుదునని మీరు తలంచి యుందురు. కాని నేడు నేనెన్నుకొన్న విషయము విమానములకు సంబంధించినది. ఆకాశమున విమానమును నడపువారికిని, నేలమీదనుండి వారికి దారి చెప్పువారికిని నడుమ మాట తప్పుగా వినబడుటచేత, లేక తప్పుగా అర్థమగుటచేత సంభవించిన ఘోరములను, వానినుండి లోకము నేర్చుకొన్న పాఠములను మీకు విన్నవింప దలచితిని.

“మాకును విమానములకును సంబంధమేమి?” అని వెనుక వరుసలో నెవరో అనుకొనుచున్నట్లు నాకు తోచుచున్నది. ఒకనాడు ఆ ప్రశ్న సమంజసమే, నేడు గాదు. ఈ సభలో కూర్చున్న తల్లులలో ఎందఱి బిడ్డలు దుబాయి, కువైటు, మస్కటులలో పనిచేయుచున్నారో, ఎందఱి మనుమలు అమెరికాలో చదువుచున్నారో మీరే లెక్కించుకొనుడు. వారిని శంషాబాదు వఱకు సాగనంపి, ఇంటికి వచ్చి, “చేరితిమి” అను ఫోను వచ్చువఱకు కన్నుమూయనివారు మనలో పెక్కుమంది కలరు. ఆ రాత్రి వారి ప్రాణములు యంత్రముల మీద నెంత ఆధారపడి యుండునో, ఒకరి ముఖమొకరు ఎఱుగని ఇద్దఱు మనుష్యులు పలుకు నాలుగు మాటల మీదను అంతగానే ఆధారపడి యుండును.

మొదట ఈ వ్యవహారమెట్లు జరుగునో చెప్పెదను. పెద్ద విమానాశ్రయములందు ఎత్తైన గోపురమొకటి యుండును. దానిని కంట్రోలు టవరందురు. అందు కూర్చుండు అధికారి కంట్రోలరు. అతని యనుమతి లేక విమానము తన స్థానమునుండి కదలరాదు, రన్‌వే యనెడి పరుగుబాట నెక్కరాదు, ఎగురరాదు, దిగరాదు. ఆకాశమున నున్నపుడును మఱియొక కంట్రోలరు చెప్పిన యెత్తులోనే, చెప్పిన దిక్కుగనే పోవలెను. అక్షరరూపమున సందేశములు పంపు సాధనములు కొన్ని వచ్చినను, విమానాశ్రయముల దాపున ఈ యాజ్ఞలు నేటికిని ప్రధానముగా రేడియోలో నోటిమాటగనే సాగుచున్నవి.

ఈ రేడియోకు రెండు లక్షణములు కలవు. ఒకటి: ఆ ప్రాంతమున నున్న విమానములన్నియు ఒకే తరంగముపై మాటలాడును, ఒకరితో చెప్పిన మాట అందఱకును వినబడును. రెండు: ఒక్కసారి ఒక్కరే మాటలాడవలెను. ఇద్దఱొక్కమాఱే మీట నొక్కినచో ఇద్దఱి మాటయు చెడి, వినువారి చెవికి కీచుమను ఈలధ్వని మాత్రము మిగులును. ఇంకొక సంగతి. మనము ఎదురెదురుగ కూర్చుండి మాటలాడునపుడు మాట సగము చెప్పును, ముఖము సగము చెప్పును. కనుబొమ ముడివడిన చాలును, ఎదుటివానికి అర్థము కాలేదని తెలిసిపోవును. రేడియోలో ముఖము లేదు. ఉన్నది మాట యొక్కటే.

మాట సగము వినబడుటవలన నేమగునో మన పెద్దలెఱుగని విషయము గాదు. భారతమున ద్రోణవధ ఘట్టమును జ్ఞప్తికి దెచ్చుకొనుడు. చచ్చినది అశ్వత్థామ యను పేరుగల యేనుగు. ధర్మరాజు ఆ మాట చెప్పనే చెప్పెను. కాని యేనుగు అను ముక్కను లోగొంతుకతో పలికెను. ఆ క్షణముననే శంఖములు మ్రోగెననియు, ఆ ధ్వనిలో కడపటి మాట మునిగిపోయెననియు మన కథకులు చెప్పుదురు. ద్రోణుడు విన్నది సగము వాక్యము. ఆ సగమునకే అస్త్రములు విడిచెను. అచట కపటము కలదు. శంఖమును కోరి యూదిరి. నేను చెప్పబోవు వృత్తాంతమున కపటము లేదు, ఎవరికిని ద్వేషము లేదు. అయినను మాట మునిగిన తీరు అచ్చముగ నట్టిదే. అందుచేతనే ఈ కథ చదివినపుడు నాకు ద్రోణపర్వము గుర్తునకు వచ్చినది.

అట్లాంటిక్ మహాసముద్రమున స్పెయిను దేశమునకు చెందిన కానరీ ద్వీపములు కలవు. వానిలో తెనెరిఫె యొకటి. 1977వ సంవత్సరము మార్చి 27వ తేదీ ఆదివారమునాడు, ప్రక్కద్వీపమైన గ్రాన్ కనారియా విమానాశ్రయములోని పూలదుకాణమున బాంబు ప్రేలెను. మఱియొక బాంబు కలదని బెదిరింపు వచ్చుటచే ఆ విమానాశ్రయమును మూసివేసి, రావలసిన విమానములను తెనెరిఫెలోని లాస్ రోడియోస్ అను చిన్న విమానాశ్రయమునకు మరలించిరి. వచ్చినవానిలో రెండు, జంబో యని పేరుగన్న బోయింగ్ 747 విమానములు. ఒకటి ఆమ్‌స్టర్‌డాము నుండి వచ్చిన డచ్చివారి కె.ఎల్.ఎం. విమానము, అందు 248 మంది కలరు. రెండవది అమెరికావారి పాన్ యామ్ విమానము. అందు 396 మంది కలరు.

ఆ విమానాశ్రయమునకు పరుగుబాట యొక్కటే. విమానములు నిండుటచే దాని ప్రక్కనున్న దారి మూసికొనిపోయెను. కావున ఎగురదలచిన విమానము పరుగుబాట మీదనే ఈ కొసనుండి ఆ కొసవఱకు మెల్లగ నడచిపోయి, అచట వెనుకకు తిరిగి, వచ్చిన బాటమీదనే పరుగెత్తి లేవవలెను. ఆ తావు సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. ఆ సాయంకాలము మబ్బులు దిగివచ్చి బాటపై ప్రాకెను. టవరులోని వారికి విమానములు కనబడవు. విమానముల వారికి టవరు కనబడదు. ఒక విమానము రెండవదానికి కనబడదు. నేలమీది విమానములను చూపు రాడారు ఆ టవరులో లేదు. అందఱకును కన్ను పోయెను. చెవి యొక్కటి మిగిలెను.

ముందుగా డచ్చి విమానము బాట చివరకు పోయి, వెనుకకు తిరిగి నిలిచెను. దాని వెనుకనే పాన్ యామ్ విమానమును అదే బాటపై నడచిరమ్మనిరి. ఎడమచేతి వైపున మూడవ దారిలో మరలి బాటను విడువుమని కంట్రోలరు చెప్పెను. వారు సందేహించి మరల నడిగిరి. అతడు “ఒకటి, రెండు, మూడు, మూడవది” అని లెక్కించి చెప్పెను. అయినను మంచులో ఆ మూడవ దారి వారు దాటిపోయిరి. ఆ మలుపు వెనుకకు తిరిగినట్లుండి అంత పెద్ద విమానమునకు మిక్కిలి ఇఱుకు. వారు నాలుగవ దారివైపు సాగుచుండిరి. అనగా ఇంకను పరుగుబాట మీదనే యుండిరి.

ఇక డచ్చి విమానమున జరిగినది వినుడు. ప్రధాన చోదకుడు ఆ సంస్థలో మిక్కిలి పేరుపొందినవాడు. ఇతర చోదకులకు శిక్షణనిచ్చువారిలో పెద్ద. నాటి యాలస్యముచే అతనికి తొందర కలిగెను. పని గంటలు మించినచో డచ్చి శాసనము ప్రకారము విమానము నడపరాదు. మబ్బు ఇంకను దట్టమైనచో రాత్రి అచటనే నిలిచిపోవలెను. బాట చివర తిరిగిన వెంటనే అతడు యంత్రములకు వేగమీయబోయెను. సహచోదకుడు, “ఇంకను మనకు అనుమతి రాలేదు” అని యాపెను. “ఎఱుగుదును, అడుగుము” అని పెద్దాయన యనెను.

ఇచట రెండు అనుమతులున్నవని గుర్తింపుడు. ఎగిరిన పిమ్మట ఏ దారిని, ఎంత ఎత్తున పోవలెనో చెప్పునది మార్గానుమతి. ఇపుడే యెగురుమనునది టేకాఫ్ అనుమతి. కంట్రోలరు ఇచ్చినది మొదటిది మాత్రమే. కాని ఆ వాక్యములో “టేకాఫ్ అయిన పిమ్మట కుడివైపు తిరుగుము” అని యుండెను. ఎగురవలెనని తహతహపడుచున్న చెవికి ఆ యొక్క మాట చాలును.

సహచోదకుడు ఆ మార్గమును తిరిగి చదివి వినిపించి, చివర ఆంగ్లమున “మేమిపుడు ఎట్ టేకాఫ్” అనెను. అంతలో ప్రధాన చోదకుడు విమానమును పరుగు పెట్టించెను. “ఎట్ టేకాఫ్” అనగా ఏమి? ఎగురు చోటున నిలిచి యున్నామనియు కావచ్చును; ఎగురుచున్నామనియు కావచ్చును. డచ్చి భాషలో ఒక పని జరుగుచున్నదని చెప్పుటకు అట్టి విభక్తినే వాడుదురనియు, అతడు తన భాష పోకడను ఆంగ్లమునకు తెచ్చెననియు భాషావేత్తలు వివరించిరి. స్పెయిను దేశీయుడైన కంట్రోలరు దానిని “సిద్ధముగ నిలిచి యున్నాము” అని గ్రహించి, “ఓకే” అనెను. ఒక్క రెప్పపాటు ఆగి, “టేకాఫ్ కొఱకు వేచియుండుడు, నేను పిలిచెదను” అనెను.

ఆ రెప్పపాటు విరామమే ప్రాణములు తీసినది. డచ్చివారి మాట విని ఉలికిపడిన పాన్ యామ్ వారు సరిగా అదే క్షణమున, “మేమింకను పరుగుబాట మీదనే నడచుచున్నాము” అని రేడియోలో చెప్పిరి. రెండు మాటలు ఢీకొనెను. డచ్చి విమానమున “ఓకే” యను మాట స్పష్టముగ వినబడెను, పిదప ఈలధ్వని. “వేచియుండుడు” అను ఆజ్ఞయు, “మేము బాటమీద నున్నాము” అను హెచ్చరికయు, తమను రక్షింపవలసిన ఆ రెండు వాక్యములును, ఒకదాని నొకటి మ్రింగివేసెను. ద్రోణుని చెవికి శంఖధ్వని యెట్టిదో, వారి చెవికి ఆ యీల యట్టిది.

అప్పటికిని ఇంకొక యవకాశము మిగిలి యుండెను. కొన్ని సెకండ్లకు కంట్రోలరు పాన్ యామ్‌తో, “బాట ఖాళీ చేసినపుడు తెలియజేయుడు” అనెను. వారు “తెలియజేసెదము” అనిరి. ఆ మాటలు డచ్చి విమానమున వినబడెను. మువ్వురిలో మూడవవాడు, యంత్రములను చూచు ఇంజనీరు, దానిని పట్టుకొనెను. “ఆ పాన్ యామ్ బాటను విడువలేదా యేమి?” అని యడిగెను. ప్రధాన చోదకుడు దృఢముగ “విడిచినది” అనెను. అంతటి అనుభవశాలి అంత నిశ్చయముగ చెప్పినపిమ్మట ఇంజనీరు మరల నోరెత్తలేదు. మంచులోనుండి ఎదుటి విమానము కనబడునప్పటికి ఆపుటకు వ్యవధి లేదు. డచ్చి విమానము లేవనెంచి లేచి, దాని శరీరపు అడుగుభాగముతో పాన్ యామ్ పైభాగమును చీల్చి, ఆవల పడి మండిపోయెను. ఆ విమానమున నున్నవారిలో ఒక్కరును బ్రతుకలేదు. పాన్ యామ్ విమానమున 335 మంది మరణించి, 61 మంది మాత్రము బయటపడిరి. మొత్తము 583 మంది. విమానచరిత్రమున ఏ ప్రమాదమునందును అంతమంది చనిపోలేదు. చిత్రమేమనగా రెండు విమానములలోను ఏ యంత్రమును చెడలేదు.

స్పష్టమైన అనుమతి లేక బయలుదేరుటయే మూలకారణమని స్పెయిను విచారణాధికారులు తేల్చిరి. అది నిజమే. కాని ఒక్కని తప్పుగ మాత్రము దీనిని విడిచిపెట్టినచో మనము నేర్చుకొనునది లేదు. మంచు, తొందర, ఇఱుకు తావు, రెండర్థముల వాక్యము, పొడి “ఓకే”, రేడియోలో ఢీకొన్న మాటలు, పెద్దవాని ముందు చిన్నవాని మౌనము. ఇన్ని కలిసి ఒక్క ముడి బిగిసెను. వీనిలో ఏ యొక్క పోగు తెగినను ఆ 583 మంది ఇండ్లకు చేరెడివారు.

ఇంకొక వృత్తాంతము. 1990వ సంవత్సరము జనవరి 25వ తేదీ రాత్రి, దక్షిణ అమెరికాలోని కొలంబియా నుండి అవియాంకా సంస్థవారి విమానము న్యూయార్కునకు వచ్చెను. వాతావరణము బాగుండక, విమానములు వరుసలు కట్టుటచే దానిని దారిలో మూడు చోట్ల గాలిలోనే గుండ్రముగ త్రిప్పుచు నిలిపిరి. అంతయు కలిసి గంటా పదునేడు నిమిషములు. ఇంధనము అడుగంటుచుండెను. సహచోదకుడు రేడియోలో “మాకు ప్రయారిటీ కావలెను” అని చెప్పెను. తన దృష్టిలో అతడు ఆపద తెలిపినట్లే. కాని ఆంగ్లము మాటలాడు కంట్రోలర్లకు ప్రయారిటీ అనగా ముందు వరుస కొఱకు వేడుకోలు మాత్రమే. “ఎమర్జెన్సీ” యనిన గాని సర్వమును ఆపి దారి యీయరు. మొదటి ప్రయత్నమున దిగలేక విమానము మరల పైకి లేచినపుడు, ఆపదయని చెప్పుమని ప్రధాన చోదకుడు తమ భాషలో సహచోదకునకు చెప్పెను. అతడు రేడియోలో చెప్పినది, “ఇంధనము అయిపోవుచున్నది” అని, అదియు ఇతర మాటల చివర, మెల్లని గొంతుతో. ఆ విమానము లాంగ్ ఐలండులోని కోవ్ నెక్ అను చోట కొండచఱియపై కూలెను. 158 మందిలో 73 మంది మరణించిరి. నిప్పు అంటుకొనలేదు, అంటుకొనుటకు ఇంధనమే లేదు.

ఆకలిగొన్న యతిథి “కొంచెము దాహమియ్యవమ్మా” యని యడిగినచో మన యిల్లాలు వాని ముఖము చూచి అన్నము వడ్డించును. అర్థించుటలో మర్యాద పాటించినను, ఆమె కన్ను ఆ లోటును తీర్చును. రేడియోకు ఆ కన్ను లేదు. ప్రాణాపాయమున మర్యాదకై మాటను మెత్తపఱచుట మర్యాద గాదు.

అంకెల సంగతి లెక్కలు వ్రాయువానిగా నాకు మిక్కిలి యాసక్తి గొలుపును. 1989వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన, సింగపూరు నుండి మలేషియాలోని కౌలాలంపూరునకు సరకులు మోయుచు ఫ్లయింగ్ టైగర్ సంస్థవారి విమానమొకటి వచ్చుచుండెను. కంట్రోలరు 2,400 అడుగుల యెత్తునకు దిగుమనుచు “టూ, ఫోర్, జీరో, జీరో” అని అంకెలు పలికెను. ఆంగ్లమున రెండు అను అంకెకును, “వఱకు” అను అర్థమిచ్చు చిన్న పదమునకును ఉచ్చారణ యించుమించొక్కటే. చోదకులు దానిని “400 వఱకు” అని విని, “ఓకే, ఫోర్, జీరో, జీరో” అని బదులు పలికిరి. ఆ బదులులోని తప్పును కంట్రోలరు పట్టుకొనలేదు. విమానము కొండను ఢీకొని నలుగురును మరణించిరి. “రెండువేల నాలుగువందల అడుగులు” అని విడమరచి చెప్పినచో ఆ కొండ వారిని తాకెడిదే గాదు.

మన దేశమున జరిగినదియు కలదు. 1996వ సంవత్సరము నవంబరు 12వ తేదీ సాయంకాలము, ఢిల్లీ నుండి సౌదీ విమానమొకటి పైకి లేచుచుండెను. కజకిస్తాను విమానమొకటి ఢిల్లీకి దిగుచుండెను. సౌదీ విమానమున నున్నవారిలో పెక్కుమంది కూలినాలి కొఱకు గల్ఫునకు పోవు మనవారే. నాడు పౌరవిమానముల రాకకును పోకకును దారి యొక్కటే. పైకి పోవుదానికి 14,000 అడుగులు, దిగుదానికి 15,000 అడుగులు అని కంట్రోలరు విధించి, ఎదుట విమానము వచ్చుచున్నదని కజకిస్తాను వారిని హెచ్చరించెను. వారు 15,000 వద్ద నిలువక క్రిందికి దిగిరి. హర్యానాలోని చర్ఖీ దాద్రీ గ్రామముల పైన రెండును ఢీకొని 349 మంది మరణించిరి, ఒక్కరును మిగులలేదు. న్యాయమూర్తి లాహోటీ గారి విచారణ సంఘము, నిర్ణయించిన యెత్తును మీరి దిగుటయే కారణమనియు, కజకిస్తాను వారికి ఆంగ్లము చాలినంత రాకపోవుట దానికి తోడ్పడెననియు తేల్చెను. ఆ విమానమున కంట్రోలరుతో మాటలాడువాడు రేడియో ఉద్యోగి. విమానమును నడపువారు వేఱు. ఒకరు విన్నది ఇంకొకరు చేయవలెను. నడుమ మనిషి పెరిగిన కొలదిని మాట తఱుగును. మనము గ్రామమున నిత్యము చూచుచున్నదే గదా!

ఇంతమంది మరణములనుండి లోకము నేర్చిన పాఠములను ఇక చెప్పెదను. అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ యను సంఘము కలదు. కెనడాలోని మాంట్రియల్ నగరమున దాని కార్యస్థానము. ఏ మాటను ఎప్పుడు వాడవలెనో ఆ సంస్థ నియమములు విధించెను. తెనెరిఫె తరువాత “టేకాఫ్” అను పదమును, ఎగురుటకు నిజముగ అనుమతి నిచ్చునపుడును, దానిని రద్దు చేయునపుడును మాత్రమే పలుకవలెనని నియమమేర్పడెను. తక్కిన సందర్భములలో “డిపార్చర్” అనవలెను. ఒక్క పదమునకు ఒక్క పని. ఇట్లొక పదమును గుడిలో విగ్రహమువలె వేఱుగ నుంచి కాపాడిరి.

అక్షరములకు పేర్లు పెట్టిరి. ఆంగ్లమున బి, సి, డి, పి యను అక్షరములు రేడియోలో ఒక్కలాగున వినబడును. అందుచే అల్ఫా, బ్రావో, చార్లీ యను వర్ణమాల 1956 నుండి ప్రపంచమంతట అమలున నున్నది. మనము పిల్లలకు “అ – అమ్మ, ఆ – ఆవు” అని నేర్పినట్లే. తొమ్మిదిని “నైనర్” అనియు, అయిదును “ఫైఫ్” అనియు పలుకుదురు. లేనిచో నైన్, ఫైవ్ కలిసిపోవును. ఇది వింతగ తోచవచ్చును. కాని మన పెద్దలు ధాన్యము కొలుచునపుడు “ఒకటి” యనక “లాభము” అనుటయు, కొందఱు “ఏడు” అను మాట రోదనమును స్ఫురింపజేయునని “ఆరున్నొక్కటి” అనుటయు మీరు వినియే యుందురు. చెవికి తగినట్లు అంకెకు పేరు మార్చుట మనకు క్రొత్త గాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది తిరిగి చదువుట. కంట్రోలరు ముఖ్యమైన ఆజ్ఞ నిచ్చిన వెంటనే చోదకుడు “సరే” యని ఊరకుండరాదు. ఆ యాజ్ఞలోని అంకెలను, అనుమతిని తన నోట మరల చెప్పవలెను. కంట్రోలరు దానిని చెవియొగ్గి విని, తప్పున్నచో వెంటనే దిద్దవలెను. చెప్పుట, తిరిగి చెప్పుట, వినుట. ఈ మూడును పూర్తియైనపుడే మాట పూర్తియైనట్లు. మలేషియాలో రెండవది జరిగెను గాని మూడవది జరుగలేదు. విమానభాషలో “రోజర్” అను మాట కలదు. చాలమంది దానికి “అంగీకరించితిని” అని యర్థమనుకొందురు. కాదు; “నీవు చెప్పినది నాకు వినబడినది” అని మాత్రమే దాని యర్థము. “విని, అట్లే చేసెదను” అనుటకు “విల్కో” అను వేఱొక మాట కలదు. మన తాతమ్మలు కథ చెప్పునపుడు ఊఁ కొట్టెడివారము గదా! ఊఁ అనగా విన్నామని, ఒప్పుకొన్నామని గాదు.

భాష విషయమునను శ్రద్ధ పెరిగెను. దేశాంతరములకు పోవు చోదకులును, వారితో మాటలాడు కంట్రోలర్లును ఆంగ్లమున తగిన యోగ్యత చూపవలెనని ఆ సంస్థ 2003లో నిర్ణయించెను. ఆరు మెట్లలో నాలుగవ మెట్టైనను ఎక్కవలెను. ఇది ఆంగ్లము రానివారికి మాత్రమే చెప్పిన నీతి యనుకొనరాదు. ఆంగ్లము మాతృభాషగా గలవాడును, పరభాషీయుడు వినుచున్నాడని తలచి నెమ్మదిగ, స్పష్టముగ, కట్టుబడిన మాటలతో చెప్పవలెను. ఎక్కువ తెలిసినవానికే ఎక్కువ బాధ్యత.

కడపటి పాఠము కష్టమైనది. చిన్నవాడు పెద్దవానితో తప్పని చెప్పగలుగుట. తెనెరిఫె మొదలగు ప్రమాదములను విచారించి, 1979లో అమెరికాలో నాసా సంస్థ ఒక సదస్సు జరిపెను. 1981లో యునైటెడ్ విమానసంస్థ తన చోదకులకు ఈ విషయమున శిక్షణ మొదలుపెట్టెను. క్రమముగ లోకమంతటను వ్యాపించెను. సహచోదకుడు సందేహమును దాచుకొనరాదు. ఒకసారి చెప్పి వినకున్న మరల చెప్పవలెను. పెద్దవాడు దానిని అవమానముగ గాక సహాయముగ స్వీకరింపవలెను. ఆ ఇంజనీరు అడిగినది సరియైన ప్రశ్న. అతడింకొకమాఱు అడిగి యుండవలసినది. లేదా అతని పెద్ద ఆ యొక్క ప్రశ్నకే ఆగి యుండవలసినది.

సోదరులారా! మనకు పరుగుబాట లేదు, టవరు లేదు. కాని మాట తప్పుగ విని నష్టపోవుట మాత్రము కలదు. ఫోనులో “ఇరవై” యన్నది “అరవై” యని వినబడినచో ధాన్యపు బస్తాల లెక్క మూడింతలగును. అందుచేతనే మన పూర్వులు రొక్కమును అంకెలలో వ్రాసి, ప్రక్కను “అక్షరాల” అని మాటలలో వ్రాసిరి. దస్తావేజు వ్రాసినపిమ్మట “చదివి వినిపించగా విని సమ్మతించి” యని వ్రాయుటయు అందుకే. ఇపుడా వాక్యమును వ్రాయుచున్నారు గాని, చదివి వినిపించుట యెంతవఱకు జరుగుచున్నదో మీరెఱుగుదురు. వ్రేలిముద్ర వేయు ముసలితల్లికి ఆ కాగితములో నేమున్నదో చదివి చెప్పి, “ఏమి వింటివమ్మా, చెప్పు” అని యడుగువాడే ఆమెకు నిజమైన బంధువు.

పురుగుమందు సంగతి చూడుడు. దుకాణములో “లీటరు నీటికి ఇంత” యని చెప్పినది, “ఎకరమునకు ఇంత” యని విన్నచో పైరుండదు. ఎకరమునకు చెప్పినది లీటరునకు కలిపినచో పిచికారి చేయువాని ప్రాణమునకే ముప్పు. వైద్యుడు “రోజు విడిచి రోజు” అన్నది “రోజూ” యని వినబడిన మందే విషమగును. ఇచట మనము చేయవలసినదేమి? “సరేనండీ” యని తలయూపి రాకుండుట. “అయ్యా, మీరు చెప్పినది ఇట్లు గదా” అని తిరిగి చెప్పి వచ్చుట. అది మన తెలివితక్కువ గాదు. లక్షలు ఖర్చుచేసి శిక్షణ పొందిన విమానచోదకులు దినమునకు నూఱుమాఱులు చేయుచున్న పని అది.

ఇక పెద్దలకొక మనవి. మన యిండ్లలో పిల్లవాడు “కాదు పెదనాన్నా” యనగనే “ఎదురు చెప్పుచున్నావా” యని గద్దింతుము. మర్యాద మంచిదే, దానిని విడువుమని నేననను. “లేదు బాబాయిగారూ, నేను విన్నది వేఱుగ నున్నది, మరల ఒక్కసారి చూడుడు” అని గౌరవముతోనే చెప్పవచ్చును. అట్లు చెప్పుటను పిల్లలకు నేర్పుదము. వినుటను మనము నేర్చుకొందము. పెదవి దాటిన మాట పృథివి దాటునని సామెత. పృథివి దాటుటకు ముందు ఎదుటివాని చెవిని సరిగ చేరినదా యని చూచుకొనుట మన ధర్మము.

ఈ పనికి గ్రంథాలయమును మించిన స్థానము లేదు. ఇచట సాయంకాలము పత్రికను ఒకరు చదువగా పదిమంది వినుచున్నారు. చదువుట యొక్కటే చాలదు. చదివినపిమ్మట వినినవారిలో ఒకరు తాను గ్రహించినది తిరిగి చెప్పు నలవాటు పెట్టుకొందము. వారమునకొకసారి చదువురాని పెద్దల కాగితములను, బ్యాంకు చీటీలను, మందుల చీటీలను చదివి వినిపించి, వారిచేత మరల చెప్పించు బాధ్యతను మన యువకులు వహించినచో ఈ రజతోత్సవమునకు అంతకుమించిన కానుక వేఱొకటి యుండదు. కార్యదర్శిగారు ఈ సూచనను కార్యవర్గము ముందుంచ వలసినదిగ ప్రార్థించుచున్నాను.

రజతోత్సవము చూచిన మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును చూచుగాక! దూరదేశములకు ఎగిరిపోవు మన బిడ్డలందఱును క్షేమముగ దిగుదురుగాక!